శిష్యుడికి చోటెక్కడ?



సన్నాయి మేళంలో ఒకప్పుడు అందరికంటే చిన్నవాడి చేతిలో ఒత్తు ఉండేది. ఒత్తు అంటే శ్రుతి సన్నాయి. దాని మీద రాగం పలికించరు. ఆధార షడ్జం ఒక్కటే, ఊపిరి తెగకుండా, మేళం ముగిసేదాకా మోగాలి. బుగ్గల్లో గాలి నిలుపుకుని దాన్ని వదులుతూనే ముక్కుతో కొత్త గాలి పీల్చుకోవడం పట్టుబడితే తప్ప ఆ పని సాగదు. పెళ్లి పందిట్లో, గుడి ఉత్సవంలో, అర్ధరాత్రి ఊరేగింపులో గురువు పక్కనే నిలబడి ఆ కుర్రవాడు గంటల తరబడి ఒకే స్వరం ఊదేవాడు. నోటికి ఒకే స్వరమైనా చెవికి మాత్రం మొత్తం విద్య దొరికేది. ఏ వేళకు ఏ రాగం ఎత్తుకున్నారు, డోలు ఎక్కడ తగ్గింది, శ్రుతిని వదిలి గురువు ఎంత దూరం వెళ్లి మళ్లీ ఎలా వచ్చి చేరారు, ఇవన్నీ ఎవరూ పాఠంగా చెప్పకుండానే ఒంటబట్టేవి.

ఆ తర్వాత శ్రుతిపెట్టె వచ్చింది. బెంగళూరులో ఇంజనీరూ, వేణువు విద్వాంసుడూ అయిన జి. రాజ్‌నారాయణ్ తన రాడెల్ సంస్థ ద్వారా ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టెలు, తంబురాలు తయారుచేశారు. దక్షిణాది కచేరీ వేదికలన్నింటికీ ఇవి పాకాయి. ఇవాళ అదే పని ఫోన్‌లో ఉచితంగా దొరికే యాప్ చేస్తోంది. కరెంటు ఉన్నంతసేపు శ్రుతి చెదరదు. మేళానికి వచ్చే డబ్బులో ఒక వాటా కూడా మిగులుతుంది. పెళ్లిళ్ల సీజను మీద బతికే కుటుంబాలకు అది చిన్న విషయం కాదు కాబట్టి ఈ మార్పును ఎవరూ తప్పుపట్టలేరు. కానీ గురువు పక్కన ఆ కుర్రవాడు నిలబడే చోటు పోయింది.

సంగీత బోధనలో సాంకేతికత గురించి మాట్లాడేటప్పుడు యంత్రం మంచిదా చెడ్డదా అన్న వాదన చాలాసార్లు వింటాం. ఆ వాదన ఎటూ తేలదు. అసలు అడగాల్సింది వేరే ఉంది. ఈ పరికరం వచ్చాక శిష్యుడు ఎక్కడ కూర్చుంటున్నాడు? గురువు చెవిన పడేంత దగ్గరలో ఉన్నాడా, లేడా? పల్నాడు జిల్లాలో ఈ ప్రశ్న వేసుకోవడానికి కారణాలు చాలానే ఉన్నాయి.

2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా ఏర్పడిన పల్నాడు జిల్లాలో చిలకలూరిపేట కూడా ఉంది. నాదస్వర చరిత్రలో ఆ ఊరి పేరు పెద్దది. ఒంగోలు దగ్గర కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా తండ్రి దగ్గర తొలి పాఠాలు నేర్చుకుని, ఆ తర్వాత చిలకలూరిపేటలో షేక్ ఆదం సాహెబ్ దగ్గర శిష్యరికం చేశారు. ఆపైన తమిళనాడు వెళ్లి నాచ్చియార్‌కోయిల్ విద్వాంసుల దగ్గర తంజావూరు బాణీ అభ్యసించి, శ్రీరంగంలో స్థిరపడ్డారు. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు ఆయన్ను వరించాయి. శ్రీరంగంలో ఆయన నెలకొల్పిన శారదా నాదస్వర సంగీత ఆశ్రమంలో శిక్షణ పొందిన వాళ్లలో 2020 సంవత్సరపు పద్మశ్రీ అందుకున్న దంపతులు కాలీషాబీ, షేక్ మహబూబ్ సుభానీ ఉన్నారు. కరవది నుంచి చిలకలూరిపేటకు, అక్కడి నుంచి కావేరి ఒడ్డుకు సాగిన ఈ దారిలో ప్రతి మలుపులోనూ ఒక గురువు ఇల్లు ఉంది. విద్య కోసం మనిషి మనిషి దగ్గరికి వెళ్లాడు.

ఇప్పుడు విద్యే మనిషి దగ్గరికి వస్తోంది. ఆ రావడం ఇవాళ కొత్తగా మొదలైంది కాదు. 1902 నవంబరులో కలకత్తాలో గౌహర్ జాన్ గొంతును గ్రామఫోను కంపెనీ పళ్లెం మీద ముద్రించింది. పక్కకు మూడు నిమిషాలు. అంతలో రాగం, పాట, ముగింపు అన్నీ ఇమడాలి. సుబ్బరామ దీక్షితుల 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' 1904లో ఎట్టయపురంలో తెలుగు లిపిలోనే అచ్చయింది. స్వరాల మీద గమకాల గుర్తులు వేసి మరీ ముద్రించిన గ్రంథం అది. అచ్చు యంత్రం సంగీతానికి చేసిన ఉపకారాల్లో అంత పెద్దది తెలుగులో మరొకటి లేదనే చెప్పాలి. అయితే గుర్తు చూసి గమకం పలికించడానికి, ఆ గమకం ముందే విన్న చెవి కావాలి.

గుంటూరు, పల్నాడు పల్లెల్లో పద్యనాటకం పిచ్చి తెలిసినవాళ్లకు గ్రామఫోను చేసిన పని కూడా తెలుసు. పళ్లెం మీద ముల్లు వెనక్కి పెట్టి పెట్టి రాగాలు పట్టిన నటులకు కొదవ లేదు. అదే సమయంలో నాటక సమాజానికి అసలు సంగీత గురువు హార్మోనిస్టు. ఆ హార్మోనియం కూడా పడమటి నుంచి వచ్చిన యంత్రమే. గమకం పలకదన్న కారణంతో 1940 నుంచి 1971 దాకా ఆకాశవాణి దాన్ని స్టూడియో గడప తొక్కనివ్వలేదు. సంగీతశాస్త్రం దృష్టితో చూస్తే ఆ అభ్యంతరంలో నిజం ఉంది. కానీ పల్లెటూరి రిహార్సల్లో ఆ పెట్టె ముందు కూర్చున్న మనిషి ఎదుటివాడి గొంతు విని, శ్రుతి ఎత్తు తగ్గించి, "ఇంకోసారి ఎత్తుకో" అనేవాడు. చదువురాని రైతు కొడుకు కూడా ఆ ఒక్క మాటతో శ్రీకృష్ణుడి వేషానికి పనికొచ్చేవాడు. లోపాలున్న యంత్రమే అయినా శిష్యుణ్ని గురువు ఎదుట కూర్చోబెట్టింది.

ఇక రేడియో. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం మొదలైంది. మాచర్ల, గురజాల, వినుకొండ ప్రాంతాల్లో సంగీత కళాశాల ముఖం చూడని ఇళ్లకు కూడా భక్తిరంజని చేరింది. దానికంటే గొప్పగా చెప్పుకోవలసింది సంగీత శిక్షణ కార్యక్రమం. ఓలేటి వెంకటేశ్వర్లు నేర్పిన ఆ పాఠాల రికార్డింగులను సంగీతం నేర్చుకునేవాళ్లు ఇవాళ్టికీ వెతుక్కుని వింటున్నారు. ఆయన కచేరీలు ఉన్నాయి కదా, పాఠాలు ఎందుకు వెతకడం? కచేరీలో కీర్తన తయారై మన ముందుకు వస్తుంది. పాఠంలో అదే కీర్తన తయారవుతూ వినిపిస్తుంది. పల్లవిలో మొదటి సంగతి ఒకటికి రెండుసార్లు, ఆ తర్వాత రెండోది, ఎక్కడ ఆగాలి, ఎక్కడ ఊపిరి తీసుకోవాలి. ఇంట్లో రేడియో ముందు కూర్చున్న అమ్మాయికి తన వంతు ఎప్పుడొస్తుందో తెలుస్తుంది. హైదరాబాదు కేంద్రంలో మహాభాష్యం చిత్తరంజన్ 'కలిసి పాడుదాం' అంటూ లలిత గీతాలు నేర్పింది కూడా ఈ పద్ధతిలోనే. ఆ పేరులోనే పిలుపు ఉంది.

రేడియోకి ఒక లోటు ఉంది. గురువు మాట శిష్యుడికి చేరుతుంది, శిష్యుడి గొంతు గురువుకు చేరదు. ఆ లోటును ఇంటర్నెట్ తీరుస్తుందని అందరూ ఆశపడ్డారు. 2020లో కరోనా తలుపులు మూయించాక ఆ ఆశకు నిజమైన పరీక్ష ఎదురైంది. సంగీతం టీచర్లు ఉన్నట్టుండి జూమ్, వాట్సాప్ తెరల ముందుకు వచ్చారు. పాఠాలు ఆగలేదు, అది చాలా గొప్ప విషయం. నరసరావుపేటలో ఉదయం ఆరున్నరకు కూర్చుంటే డాలస్‌లో ముందురోజు రాత్రి ఏడు, ఎనిమిది గంటల వేళ అవుతుంది. అక్కడి తెలుగు పిల్లలు బడి, అన్నం ముగించుకుని సరళీ స్వరాలకు కూర్చోవచ్చు. చిన్న ఊళ్లో ఉన్న టీచరమ్మకు అలా నాలుగు రాళ్లు వస్తాయి, దూరాన ఉన్న పిల్లలకు తెలుగు ఉచ్చారణ సరిదిద్దే మనిషి దొరుకుతుంది.

అయితే తెర మీది పాఠంలో మొదటి దెబ్బ తగిలేది తాళానికి. గాలిలో శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లు వెళ్తుంది. అంటే గురుశిష్యులు పది మీటర్ల ఎడంగా కూర్చున్నా మాట చేరడానికి సెకనులో వెయ్యింట ముప్పై వంతులే పడుతుంది. కలిసి పాడేవాళ్లు ఆ మాత్రం ఆలస్యాన్ని ఎలాగో సర్దుకుంటారు. వీడియో కాల్‌లో ఆలస్యం అంతకు ఎన్నో రెట్లు. పైగా సిగ్నల్‌ను బట్టి అది క్షణక్షణానికీ మారుతుంది. టీచరు ఆదితాళం వేస్తూ ఉంటే పిల్లవాడి చెయ్యి ఎప్పుడూ ఒక అడుగు వెనకే పడుతుంది. వాడు సరిగ్గానే వేస్తున్నా సరే. పదిమంది పిల్లలు ఒకేసారి పాడితే వినిపించేది గందరగోళం. అందుకని అందరినీ మ్యూట్‌లో పెట్టమంటారు. గురువు పాడతారు, పిల్లలు ఎవరింట్లో వాళ్లు పాడుకుంటారు, ఎవరేం పాడుతున్నారో గురువుకు వినపడదు. రేడియోకి ఉన్న లోటే, ఈసారి బొమ్మతో సహా, తిరిగొచ్చిందన్న మాట.

రెండో దెబ్బ ఇంకా లోతుగా తగులుతుంది. ఈ యాప్‌లు మాటల కోసం పుట్టాయి. ఫ్యాను చప్పుడు, ఏసీ హోరు లాంటి ఆగని శబ్దాన్ని రొదగా లెక్కగట్టి తీసేయడం వాటికి నేర్పారు. తంబురా నాదం ఆగదు కదా! కాబట్టి యాప్ దాన్ని కూడా రొద కిందే జమకట్టి చెరిపేస్తుంది. టీచరు గదిలో శ్రుతి నిండుగా మోగుతుంటుంది, శిష్యురాలి చెవికి ఆ చాయ కూడా అందదు. సన్నాయి అయితే మరీ కష్టం. ఊరవతలికి వినిపించాలని పుట్టిన వాద్యం అది. ఫోన్ మైకు ఆ జోరుకు బెదిరి స్వరాన్ని చితక్కొడుతుంది, లేదంటే హెచ్చుతగ్గులన్నీ చదును చేస్తుంది. సన్నాయి పీకను పెదవుల మధ్య ఎంత నొక్కాలి, రంధ్రాన్ని వేలితో సగం మూస్తే స్వరం ఎలా వంగుతుంది అన్నవి పక్కన నిలబడి చూడాల్సినవి.

ఇలాంటి చిక్కుల్లో కొన్నిటికి మందు చేతిలోనే ఉంది. సంగీతం కోసం రొద తీసేయకుండా ఉన్నదున్నట్టు పంపే ఏర్పాటు జూమ్‌లో ఉంది. ఒరిజినల్ సౌండ్ అని దాని పేరు. ఫోన్‌ను ముఖానికి ఆనించకుండా నాలుగడుగుల దూరంలో పెట్టడం, సన్నాయికి ఇంకా ఎక్కువ దూరం పాటించడం, శిష్యుడు తన శ్రుతిని తన గదిలోనే పెట్టుకుని ఇయర్‌ఫోన్‌లో గురువును వినడం, ఇవి పైసా ఖర్చు లేని పనులు. వీటన్నిటికంటే మేలైనది మరొకటి ఉంది. కలిసి పాడలేనప్పుడు విడిగా పాడి పంపుకోవచ్చు. శిష్యుడు సాయంత్రం ఒక వర్ణం పల్లవి పాడి వాట్సాప్‌లో పెడతాడు. గురువు తీరికగా విని, తప్పిన చోట తాను పాడి తిరిగి పంపుతారు. ఇందులో ఆలస్యం బాధ లేదు, మ్యూట్ అవసరం లేదు. పైగా ఆ సవరణ శిష్యుడి దగ్గర నిలిచిపోతుంది, పదిసార్లు వినవచ్చు. ఖరీదైన క్లాసు కంటే ఈ ఒక్క నిమిషం ఆడియోలోనే గురుశిష్యుల మధ్య ఎక్కువ సంగీతం నడుస్తుంది.

నిదానంగా వినే సౌకర్యం గురించి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే పాత తరానికి లేని వరం అది. గ్రామఫోను పళ్లెం నెమ్మదిగా తిప్పితే గొంతు బొంగురుపోయి శ్రుతి దిగజారేది. ఇప్పుడు యూట్యూబ్‌లో వేగం సగానికి తగ్గించినా శ్రుతి మారదు. తోడి రాగంలో గాంధారం వేగంగా వింటే ఒకే స్వరంలా తోస్తుంది. నెమ్మదిగా వింటే అది అటు రిషభం వైపు, ఇటు మధ్యమం వైపు ఊగుతూ ఎక్కడా నిలవడం లేదని చెవికి తెలిసిపోతుంది. బార్సిలోనాలోని పాంపెయూ ఫాబ్రా విశ్వవిద్యాలయంలో షావియర్ సెర్రా నడిపిన కాంప్‌మ్యూజిక్ పరిశోధన ఈ ఊగడాన్ని కంప్యూటర్‌తో గీతలుగా గీయించింది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో చదివి అక్కడికి వెళ్లిన కోడూరి గోపాలకృష్ణ ఆ పరిశోధనలో పనిచేశారు. ఆ పరిశోధనల బాటలోనే, పాడుతున్న గొంతును తెర మీద గీతగా చూపించి సరిచూసుకోనిచ్చే రియాజ్ యాప్ వచ్చింది. కర్ణాటక సంగీతాన్ని దాని లెక్కల్లోనే కొలవాలన్న పట్టుదల ఆ పనిలో కనిపిస్తుంది. గిటారు శ్రుతి చూసే మామూలు యాప్ ముందు తోడి పాడితే అది గాంధారాన్ని తప్పు అంటుంది. అది చూసి పిల్లవాడు గమకం మానేసి నిట్రాటలా స్వరం నిలబెడితే సంగీతం చచ్చిపోతుంది. అందుకే ఏ గీత చూసుకోవాలో, ఏది వదిలేయాలో చెప్పేందుకు టీచరు ఉండి తీరాలి.

ఇంతదాకా చెప్పుకున్నది శాస్త్రీయ సంగీతం. పల్నాడుకు తనదైన పాట ఇంకొకటి ఉంది. కార్తిక అమావాస్యతో మొదలై కారంపూడిలో అయిదు రోజులు సాగే వీరుల తిరునాళ్లలో వీరవిద్యావంతులనే గాయకులు పాడే పల్నాటి వీరుల కథ అది. ఆ రోజుల పేర్లు వరుసగా రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. నాగులేటి ఒడ్డున ఈ అయిదు రోజుల్లో బ్రహ్మనాయుడు, నాగమ్మ, బాలచంద్రుడు, కన్నమదాసు మళ్లీ జనం మధ్యకు వస్తారు. వినుకొండ వల్లభరాయుడి 'క్రీడాభిరామం'లో ఓరుగల్లు వీధిలో పల్నాటి వీరుల కథ పాడే ఘట్టం ఉందంటే ఈ గానం ఎంత పాతదో తెలుస్తుంది. దళిత గాయకులు తరతరాలుగా నోటి మీద నిలిపి ఉంచిన మహాకథ ఇది. దీనికి స్వరలిపి లేదు, పాఠ్యగ్రంథం లేదు. పంబ దరువు, కథకుడి చేతిలో కత్తి, వెనక వంత. ఆ వంతలో చేరడమే కుర్రవాడికి బడి. కథకుడు వదిలిన చరణం చివర అందుకుంటూ, దరువు మారినప్పుడు గొంతు మార్చుకుంటూ, కొన్నేళ్లకు కథ మొత్తం వాడిదవుతుంది.

ఈ కథ యంత్రానికి ఎక్కిన సందర్భం ఒకటి ప్రసిద్ధం. 1970లలో అమెరికా పరిశోధకుడు జీన్ రోగేర్ పల్నాడు వచ్చి, అలిసెట్టి గాలెయ్య పాడిన కథను టేపు మీద రికార్డు చేసుకున్నారు. ఆ గానానికి ఇంగ్లీషు అనువాదం, వివరమైన అధ్యయనం కలిపి 1982లో ఆక్స్‌ఫర్డ్ ప్రచురణగా వెలువడ్డాయి. పల్నాటి గాయకుడి పేరు ప్రపంచ పరిశోధకుల నోట పలికించిన పుస్తకం అది. అక్కిరాజు ఉమాకాంతం 1911లో అచ్చువేయించిన శ్రీనాథుడి ద్విపద తర్వాత పల్నాటి కథకు అంత వెలుగు మరే పుస్తకమూ తేలేదనవచ్చు. కానీ ఆ టేపు పరిశోధన కోసం చేసింది. కథ ఏమిటో, ఎలా పాడారో అందులో ఉంటుంది. కొత్తవాడికి ఎలా నేర్పుతారన్నది దాని పని కాదు.

ఇవాళ కారంపూడి తిరునాళ్లలో ఫోన్ ఎత్తని చెయ్యి లేదు. ఎన్నో వీడియోలు తీస్తున్నారు. గుంపులో నిలబడి ఎత్తిన ఫోన్‌కు పంబ మోతా, మైకుల హోరూ చిక్కుతాయి, చరణాలు చిక్కవు. ఎంత బాగా తీసినా అది తిరునాళ్ల వీడియోయే, నేర్చుకునేవాడికి మెట్టు దొరకదు. కావలసింది వేరే. తిరునాళ్లు లేని రోజున, మైకుల్లేని చోట, పెద్ద కథకుడు ఒక కుర్రవాడిని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఒక ఘట్టం నేర్పుతుండగా రికార్డు చేయాలి. కుర్రవాడి తడబాటు, పెద్దాయన గద్దింపు, "అట్టా కాదురా, దరువు విను" అన్న మాట, మళ్లీ మొదలుపెట్టడం, ఏదీ కత్తిరించకూడదు. పంబ దగ్గర ఒక ఫోన్, కథకుడి దగ్గర ఒకటి, వంత దగ్గర ఒకటి పెట్టి ఒకేసారి తీస్తే చాలు. తర్వాత వాటిని కలుపుకోవచ్చు, విడివిడిగా వినవచ్చు. వంత గొంతును తీసేసి మిగతాది మోగిస్తే, నేర్చుకునేవాడు ఆ ఖాళీలో తాను పాడి చూసుకోవచ్చు. పెద్ద స్టూడియో అక్కరలేదు. గురజాలలోనో మాచర్లలోనో ఒక కాలేజీ, సాంకేతికత తెలిసిన నలుగురు విద్యార్థులు, ఒక ఏడాది ఓపిక ఉంటే అవుతుంది.

సన్నాయికీ ఇదే వర్తిస్తుంది. శ్రుతిపెట్టెను తీసి పారేయమని ఎవరూ అనరు. కానీ వారానికి ఒక రోజు సాధనలో దాన్ని కట్టేసి, పిల్లవాడి చేతికి ఒత్తు ఇవ్వవచ్చు. ప్రభుత్వ బడుల్లో తెరలు వచ్చాయి, 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు పంచారు. పల్నాటి పిల్లలు చూసే తెర మీద చిలకలూరిపేట బాణీ, కారంపూడి దరువు పాఠాలుగా కనిపించడానికి యంత్రాలు అడ్డం కావు. ఆ పాఠాలు తయారుచేసే మనుషుల కోసమే ఎదురుచూపు.

ఈ పని తలపెట్టేవాళ్లు ఒక సంగతి ముందే తేల్చుకోవాలి. ఆ గొంతులు ఎవరివో రికార్డింగులోనే చెప్పించాలి. ఎవరు పాడారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏ ఊరు, ఏ ఘట్టం, ఏ రోజు అన్నవి గాయకుడి నోటితోనే మొదట పలికించాలి. ఇంట్లో నేర్పడానికి తప్ప బయట పాడకూడని భాగాలు ఉన్నాయని పెద్దలు చెబితే అక్కడ ఫోన్ కట్టేయాలి. రికార్డు చేసినది ఎక్కడ భద్రపరుస్తారు, ఎవరికి వినిపిస్తారు, దాని మీద డబ్బు వస్తే ఆ కుటుంబాలకు ఎంత చేరుతుంది అన్నవి కాగితం మీద రాసి, వాళ్లకు చదివి వినిపించి, వాళ్లు సరేనన్నాకే బటన్ నొక్కాలి.